గీత గారూ, ఓసారి ఒడ్డుకి రండి

హైటైడ్ లైన్ గారికి,

కాకినాడ తీరంలో చిన్నాచితకా కట్టుబడి పనులు చేసుకునే ఒక కాంట్రాక్టరు నమస్కరించి రాసే బహిరంగ లేఖ.

మిమ్మల్ని నేనింతవరకూ చూడలేదండి. చూశానన్నవాడు కూడా మా ఒడ్డున నాకు తగల్లేదు. అయినా ఏ పని ఒప్పుకున్నా ముందు మీ ప్రస్తావనే వస్తుంది. చేపలు ఎండబెట్టే చప్టా బీటలిచ్చినా, పడవలు లాగే ర్యాంపు కుంగినా, ఒడ్డునున్న ఇంటి అరుగు కెరటానికి కొట్టుకుపోయినా, సిమెంటు ఎన్ని బస్తాలు పడుతుందో లెక్క కట్టకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "గీతకి అటా, ఇటా?" చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఉండరు. పంచాయతీ కార్యదర్శి మండలం ఆఫీసు వైపు చూపిస్తాడు. మండలంలో జిల్లా అంటారు. జిల్లాలో రాజధాని అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే పటం చెన్నైలో ఉందంటారు.

అది నిజమే. మిమ్మల్ని గీసింది చెన్నైలోనే. అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం దేశం మొత్తానికీ మిమ్మల్ని ఒకే తీరున గీసింది. 2019 నాటి తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ వచ్చాక వాళ్లు గీసిందే గీత, ఇంకెవరి గీతా చెల్లదు. అంతకుముందు సంస్థకో గీత ఉండేది, ఒకే బీచ్‌లో రెండు మూడు హైటైడ్ లైన్లు కొట్టుకునేవి. ఆ గొడవ తీరినందుకు సంతోషమే. కాకపోతే మా ఊరి ఇసుక మీద తిరిగే మీరు మా ఊళ్లో దొరక్కపోవడమే వింతగా ఉంది.

పున్నమికో అమావాస్యకో వచ్చే పెద్ద పోటులో నీళ్లు నేల మీదికి ఎక్కడిదాకా ఎక్కుతాయో ఆ అంచు మీరని నోటిఫికేషన్ చెబుతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. వేటకెళ్లే మనిషిని అడిగితే కాలి బొటనవేలితో ఇసుకలో గీసి చూపిస్తాడు. ఆయన చూపించేది ఈ ఏటి గీత, ఆఫీసులో ఉండేది పటం గీసిన ఏటి గీత. రెండిటికీ మధ్య ఎన్ని బారలుంటుందన్నది సముద్రం దయ.

పటం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తీర నిర్వహణ ప్రణాళిక పటాలు 1:25,000 స్కేలులో వేస్తారు. అంటే కాగితం మీద ఒక్క మిల్లీమీటరు నేల మీద 25 మీటర్లు. అర మిల్లీమీటరు మొనతో గీసినా ఆ సిరా కింద పన్నెండున్నర మీటర్ల జాగా ఉంటుంది. మా పేటల్లో ఇల్లూ, వాకిలీ, వల ఆరేసుకునే చోటూ కలిపినా అంత రాదు. మరి ఆ ఇల్లు మీకు లోపలుందా, బయటుందా? సిరాలో ఉంది. అనుమతి కోసం వెళితే 1:4,000 స్కేలు పటం మీద మన కట్టడాన్ని గుర్తించి తెమ్మంటారు. అందులో మిల్లీమీటరుకు 4 మీటర్లు, కొంత నయం. అయితే ఆ పటం ఇవ్వగలిగింది కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కొద్దిపాటి సంస్థలే. హార్బర్ కట్టేవాళ్లకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. నాలుగు పడవలున్న పేటలో ర్యాంపు వేసుకునేవాళ్లకి మాత్రం పటం ఖర్చే ర్యాంపు ఖర్చంత అవుతుంది.

మీకు మా పని గురించి ఎవరూ చెప్పి ఉండరు. సముద్రం పక్కన కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని నిలబెట్టుకోవడం ఒక్కటీ ఒక ఎత్తు. మంచినీళ్ల ఊళ్లో ముప్పై ఏళ్లు మాట్లాడకుండా పడి ఉండే శ్లాబు ఇక్కడ పదేళ్లకే కడుపు చూపిస్తుంది. ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి ఇనుప చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. మునిగి ఉన్న భాగం కంటే, నీళ్లు ఎక్కి దిగే చోటు, అల చిందే చోటు ఎక్కువ పాడవుతాయి. అక్కడ తడీ ఆరుడూ మారుతూ ఉంటుంది, ఉప్పుకి తోడు గాలి కూడా దొరుకుతుంది. అందుకే మన ఐఎస్ 456 నియమావళి పోటుపాటుల మధ్య నిలిచే కాంక్రీటును 'తీవ్రాతి తీవ్రం' అనే కోవలో పెట్టి, చువ్వ మీద 75 మిల్లీమీటర్ల కవర్, కనీసం ఎం40 కాంక్రీటు ఉండాలంటుంది. ఊళ్లో మామూలు శ్లాబుకి మేస్త్రీ పెట్టేది 20 మిల్లీమీటర్ల బిళ్ల. ఒడ్డున కూడా అదే బిళ్ల పెట్టి పోసిన చప్టాలు నేనెన్ని పగలగొట్టానో మీరు ఊహించుకోవచ్చు. పగలగొట్టిన కాంక్రీటులో కొన్నిసార్లు గవ్వ ముక్కలు కనబడతాయి. ఏ ఇసుక కలిపారో చెప్పక్కర్లేదు కదా.

అంచేత ఇక్కడ మరమ్మతు అనేది ఎప్పుడో చేసుకునే పని కాదు, ఏటా చేయాల్సిందే. అక్కడే మీతో మాకు పేచీ.

మీ నియమాలు మరమ్మతుకి అడ్డు చెప్పవు, ఆ మాట నేను ఒప్పుకోవాలి. చట్టబద్ధంగా ముందునుంచీ ఉన్న కట్టడాన్ని బాగు చేసుకోవచ్చు, పడిపోతే తిరిగి కట్టుకోవచ్చు. ఉన్న పునాది వైశాల్యం దాటకూడదు, ఉన్న జనసాంద్రత పెంచకూడదు, అంతే. పల్లెటూరి తీరమైతే తొమ్మిది మీటర్ల ఎత్తు, రెండంతస్తులు మించకూడదు. చదివితే న్యాయంగానే ఉంది. కానీ ఒక ఇంటి పని చెబుతాను. ఏటా తుఫాను రోజుల్లో నీళ్లు గడప దాటి లోపలికి వస్తున్నాయి. ఇంటాయన నన్ను పిలిచి, "వైశాల్యం అంగుళం పెంచొద్దు, నేల మట్టుకు రెండడుగులు లేపు" అన్నాడు. మంచి ఆలోచన. ఉప్పెన ప్రాంతంలో ఎవరైనా చేయాల్సిందే అది. కాగితం పట్టుకుని వెళ్తే ఆఫీసులో అడిగిన ప్రశ్న: "ఇది మరమ్మతా, కొత్త కట్టడమా?" పునాది పరపు మారలేదు, ఎత్తు మారింది. ఎత్తు మారితే గోడలు తీయాలి, గోడలు తీస్తే కప్పు తీయాలి, కప్పు తీశాక అది కొత్త ఇల్లు కదా అన్నారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ సరేననలేదు. ఫైలు పైకి పంపుతామన్నారు. ఈలోగా ఆ ఇంటాయన ఇసుక బస్తాలు గుమ్మానికి అడ్డం పెట్టుకుని ఒక వర్షాకాలం గడిపాడు.

ఆ 'ముందునుంచీ ఉన్న' అనేదానికి రుజువు ఏదన్నది ఇంకో కథ. మీ నియమాలు మొదలైన తేదీ 1991 ఫిబ్రవరి 19. ఆ తేదీకి ముందే ఇల్లుందని చూపించాలి. తాతల కాలం నుంచీ ఒడ్డునే బతుకుతున్న మనిషి తన ఇంటికి రుజువుగా ఇంటిపన్ను రసీదు చూపిస్తాడు. అది ఏ తుఫానులోనో తడిసి ముద్దయి ఉంటుంది. ఇళ్లు పడిపోయిన ప్రతిసారీ నాలుగడుగులు వెనక్కి జరిగి కట్టుకోవడం వాళ్లకి అలవాటు, కాబట్టి 1991లో ఉన్న ఇల్లూ ఇప్పుడున్న ఇల్లూ ఒకే చోట ఉండవు. ఇందులో దాచిపెట్టినట్టుండే మంచి వార్త ఒకటి ఉంది. 2011 నోటిఫికేషన్లో, 1991 నియమాల ప్రకారం కట్టుకోదగినవే అయ్యుండి కాగితం లేని మత్స్యకారుల ఇళ్లను క్రమబద్ధం చేయాలని రాశారు. వాటిని వ్యాపారానికి వాడకూడదు, తీరంలో బతికేవాళ్లకి తప్ప బయటివాళ్లకి అమ్మకూడదు, ఇవీ షరతులు. ఈ వాక్యం నేను మా పేటలో చదివి వినిపించినప్పుడు పెద్దవాళ్లు రెండోసారి చదవమన్నారు. ఆ వాక్యం ఉందని వాళ్లకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఉండకూడనివి ఏమున్నాయో చెప్పడానికి మాత్రం జీపులు వచ్చాయి.

ఇంతా రాసి మిమ్మల్ని తీసేయమంటున్నానని అనుకోకండి. మీరు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే మిమ్మల్ని దాటి కట్టే పనులకి నన్నూ పిలిచారు.

1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాసి, పెద్ద పోటు అంచు నుంచి 500 మీటర్ల మేర కట్టడాలు లేకుండా చూడమన్నారు. పదేళ్ల తర్వాత 1991లో, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మీరు చట్టంలోకి వచ్చారు. 500 మీటర్ల పట్టీ మీ అధీనంలోకి వచ్చింది, అందులో పల్లె తీరాల్లో మొదటి 200 మీటర్లు కొత్త కట్టడాలకు నిషిద్ధం. అప్పటినుంచి మీకు చేసిన కోతలు తక్కువేం కాదు. తొలి నోటిఫికేషన్‌కే ఇరవైకి పైగా సవరణలు చేశారు. 2019లో చదరపు కిలోమీటరుకి 2,161 మందికి మించి జనం ఉన్న పల్లె తీరాల్లో ఆ 200 మీటర్లను 50 మీటర్లకి దించారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు మీ పరిధిలో రొయ్యల చెరువులు కుదరవని తీర్పిస్తే, 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి వాటికి వేరే దారి చూపింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా చెరువుల మీద బతికేవాళ్లకి ఆ చరిత్ర గుర్తే. గుమ్మం రెండడుగులు లేపుకోవాలనుకున్న ఆ ఇంటాయన కోసం పార్లమెంటు ఏ చట్టమూ చేయదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మీరు గట్టిగా నిలబడ్డ రోజులూ ఉన్నాయి. కొచ్చి దగ్గర మరడులో బ్యాక్‌వాటర్ పక్కన లేపిన నాలుగు బహుళ అంతస్తుల సముదాయాలను కూల్చమని 2019 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. టీవీలో చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. నాకు అయ్యో అనిపించింది అందులో అప్పు చేసి కొనుక్కున్నవాళ్ల కోసం. అనుమతి కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల కోసం కాదు. మన భీమిలి బీచ్‌లో ఇసుకలోనే లేచిన కాంక్రీటు గోడ సంగతీ అంతే. హైకోర్టు ఆదేశాల తర్వాత 2024లో కూల్చడం మొదలుపెట్టారు. నేల పైనున్న గోడ పడగొట్టడం సులువు, ఇసుకలోకి దించిన పునాది తవ్వి తీయడమే అసలు పని. నా వృత్తిలో ఉన్నవాణ్ణి అడిగితే మొదటిరోజే చెప్పేవాడు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. ఒక కట్టడం ఎక్కడ నిలబడిందన్నదే మీరు కొలుస్తారు. అది నిలబడి ఏం చేస్తోందన్నది మీ కొలతలో లేదు.

ఈ ఒడ్డున ఇసుక నిలకడగా ఉండదండి. నైరుతి గాలి కాలంలో కెరటాలు ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత దక్షిణానికి వెనక్కి తెస్తాయి. ఏడాది చివర లెక్క చూస్తే ఉత్తరానికి పోయిందే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లు. ఆ నడకకి అడ్డంగా సముద్రంలోకి ఏ గోడ కట్టినా, దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. దీనికి పెద్ద శాస్త్రం చదవక్కర్లేదు, మద్రాసు వెళ్తే చాలు. 1870లలో అక్కడ హార్బర్ గోడలు కట్టడం మొదలుపెట్టారు. దక్షిణాన ఇసుక మేట వేసి మేట వేసి ఇవాళ మనం వేరుశనగలు తింటూ తిరిగే మెరీనా అయింది, 1880లలో గవర్నర్ గ్రాంట్ డఫ్ అక్కడ విహారబాట వేసి ఆ పేరు పెట్టాడు. అదే హార్బర్‌కి ఉత్తరాన ఉన్న రాయపురం నుంచి ఎన్నూరు వైపు తీరం ఏళ్ల తరబడి కోతకు గురైంది, రాళ్లు పోసి పోసి దాన్ని ఆపుకోవలసి వచ్చింది. ఒకే గోడ ఒకరికి బీచ్ ఇచ్చింది, ఇంకొకరికి రాళ్లు ఇచ్చింది.

విశాఖలో ఈ సంగతి పోర్టువాళ్లకి మొదటినుంచీ తెలుసు. 1933లో పోర్టు తెరిచే ముందే ఇసుక అడ్డుకోవడానికి రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి గోడగా వాడుకున్నారు. ఇప్పటికీ బ్రేక్‌వాటర్ దగ్గర పోగుపడే ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి ఉత్తరాన ఆర్కే బీచ్ వైపు పోస్తారు. అంటే గోడ ఆపేసిన ఇసుకని డబ్బు పెట్టి నడిపిస్తున్నారన్నమాట. పోయడం ఆలస్యమైన ఏడాది, పెద్ద తుఫాను వచ్చిన ఏడాది ఆ బీచ్ ఏమవుతుందో 2014లో హుద్‌హుద్ తర్వాత నగరం చూసింది. ఇసుక పోయడం కూడా నిర్వహణే. చప్టాకి పెచ్చు పూడ్చడం లాంటిదే, ఏటా చేయాలి. ఒక్క ఏడాది మానినా తేడా కనబడుతుంది.

మా ఉప్పాడ సంగతికి వస్తాను. కాకినాడకి ఉత్తరాన ఉప్పాడ, సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట. వీటి గురించి పత్రికల్లో ఏటా ఒకే ఫొటో వస్తుంది: సగం తెగిపోయిన బీచ్ రోడ్డు, వేలాడే ఇల్లు. కారణం ఒక్కటి కాదు. గోదావరి మొగ నుంచి ఉత్తరానికి ఇసుక మేట పెరిగి పెరిగి హోప్ ఐలాండ్ అయింది, అది కాకినాడ బేకి కాపు కాస్తూనే ఉత్తరానికి పోవాల్సిన ఇసుకని తన దగ్గర ఆపుకుంటుంది. నది మీద ఆనకట్టలు, ఎగువన జలాశయాలు ఒండ్రును పట్టేస్తాయి. పోర్టు గోడలు వాటి పని అవి చేస్తాయి. ఇన్నిటి లెక్కా ఉప్పాడ ఖాతాలో రాశారు.

దానికి మందు ఏం వేశారు? 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద సంచులు, జియోట్యూబులంటారు వాటిని, ఒడ్డు పొడవునా పేర్చారు. మొదట్లో బాగానే నిలిచింది. తర్వాత సంచులు చిరిగాయి, ఇసుక కారింది. చిరగనిచోట కూడా గోడ కాలి కింద ఇసుక పోయి కుంగింది. బండరాళ్లు పోశారు. రాళ్ల కింద సరైన వడపోత గుడ్డా, చిన్నరాయి పొరా లేకపోతే కెరటం వెనక్కి వెళ్తూ రాళ్ల సందుల్లోంచి ఇసుకని పీల్చేస్తుంది, రాయి దిగిపోతుంది. మళ్లీ రాళ్లు పోస్తారు. పోసిన రాయి ఎంత, మిగిలిన రాయి ఎంత అని ఒడ్డున కూర్చున్న ముసలివాళ్లు నా కంటే బాగా చెబుతారు. గోడ గట్టిగా నిలబడితే అదో సమస్య. నిలువు గోడకి కొట్టిన కెరటం వెనక్కి తిరిగి కాలి కింద ఇసుకనే తవ్వుతుంది, గోడ ఆగిపోయిన చోట దాని పక్కనున్న వాడని కోస్తుంది. మన వాకిలి చెత్త పక్కింటి వాకిట్లోకి ఊడ్చినట్టు. ఆ పక్కవాడకీ గోడ కావాలి. దాని పక్కవాడకీ కావాలి.

ఈ గోడలకి మీ నియమాల్లో దారి ఉంది గీత గారూ. సముద్రపు నీటి సహజ ప్రవాహాన్ని అడ్డగించడం నిషేధమని రాసిన చోటే, పోర్టులు, హార్బర్లు, జెట్టీలు, వంతెనలు మినహాయింపని రాశారు. శాస్త్రీయ అధ్యయనాల మీద ఆధారపడిన కోత నివారణ పనులూ మినహాయింపే. ఆ మినహాయింపులు ఉండకూడదని నేననను. హార్బర్ లేకపోతే మా పడవలు ఎక్కడ కట్టుకుంటాం? ఉప్పాడలో ఫిషింగ్ హార్బర్ కావాలని అడిగింది మావాళ్లే. నా మాటల్లా ఇది: అధ్యయనం గోడ దగ్గర మొదలై గోడ దగ్గర ముగియకూడదు. అనుమతి పొందినవాళ్లు ఆరునెలలకోసారి షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికల్లో మొక్కలెన్ని నాటారో ఉంటుంది, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లారో లేదో ఉంటుంది. గోడకి ఉత్తరాన అయిదారు కిలోమీటర్ల దాకా ఒడ్డు ఎన్ని మీటర్లు వెనక్కి పోయిందో ప్రతి నివేదికలో మొదటి పేజీలో ఎందుకు ఉండకూడదు? ఆ ఇంటాయన గుమ్మం ఎత్తుకి పెట్టిన సందేహంలో పదో వంతు ఆ గోడ పొడవుకి పెట్టినా చాలు.

ఇక మీ కదలిక సంగతి. పటం గీసిన రోజున మీరు ఒక చోట ఉన్నారు. ఆ తర్వాత సముద్రం ముందుకొచ్చింది. ఉప్పాడ పక్కన కొందరి దగ్గర ఇంటిస్థలం పట్టాలున్నాయి, స్థలం మాత్రం నీళ్ల కింద ఉంది. పటంలో వాళ్ల ఇల్లు గీతకి ఇవతల పట్టాభూమి. నేల మీద అది పోటుపాటుల మధ్య ఇసుక, మీ వర్గీకరణలో కఠినమైన జోన్లలో ఒకటి. వాళ్లు దేనికి దరఖాస్తు పెట్టుకోవాలి, మరమ్మతుకా, పునరావాసానికా? మీకో చెల్లెలు ఉందని విన్నాను, హజార్డ్ లైన్. సర్వే ఆఫ్ ఇండియా గీసింది. సముద్రమట్టం పెరిగితే, ఒడ్డు వెనక్కి జరిగితే ముప్పు ఎంతవరకు వస్తుందో ఆవిడ చూపిస్తుంది. అంటే రేపటి గీత. 2019లో ఆవిణ్ణి నియంత్రణ పనుల నుంచి తప్పించి విపత్తు నిర్వహణకి పనికొచ్చే సాధనంగా మాత్రమే చూడమన్నారు. నిన్నటి గీతకి అధికారం ఇచ్చి, రేపటి గీతకి సలహా ఇచ్చే పదవి ఇచ్చారు. మీరిద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే మా పేటలకి కొత్త ఇళ్లు ఎక్కడ కట్టాలో తేలుతుంది. లేకపోతే ప్రభుత్వం ఇచ్చిన కాలనీ ఇల్లు కూడా పదేళ్లకి ఒడ్డు ఇల్లు అవుతుంది.

గీత నేల మీద కనబడటం, ఒడ్డుతో పాటు కదలడం ఎక్కడా జరగని విషయం కాదు. మా వీధి కుర్రాడొకడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కన ఉద్యోగం చేస్తాడు. అక్కడి సరస్సుల ఒడ్డున ఇళ్లు కొనుక్కునే స్థోమత ఉన్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారట. ఆ రాష్ట్రంలో 1971 నాటి తీర నిర్వహణ చట్టం ఉంది. ఒడ్డున నీటి గీత నుంచి 200 అడుగుల దాకా నేల దాని కిందికి వస్తుంది. ఆ గీతని అక్కడ నేల మీద వెతుకుతారు. నీళ్లు తరచూ నిలిచి మట్టి రూపు మారిన చోటు, మెట్ట మొక్కలు మొదలయ్యే చోటు చూసి గుర్తుపెడతారు. గీత 1971 జూన్ 1 నాటిదేనని చెబుతూనే, ఆ తర్వాత సహజంగా ఎలా మారితే అలా అని కూడా చట్టంలోనే రాసుకున్నారు. పాత జెట్టీని మామూలుగా బాగు చేసుకుంటే పెద్ద పర్మిట్ అక్కర్లేదు. అలాగని ఇష్టం వచ్చినట్టు కట్టనివ్వరు. కొత్త పలకలు వేస్తే వెలుతురు కిందికి దిగేలా జాలీ వేయమంటారు, నీడలో సాల్మన్ పిల్లలు దెబ్బతింటాయని. నీళ్లలో దిగి చేసే పని చేపల కాలం చూసి చేయమంటారు. వాళ్లకీ ఫిర్యాదులు లేకపోలేదు, ఆ కుర్రాడు చెప్పే ఖర్చులు వింటే నాకు కళ్లు తిరిగాయి. అయినా వాళ్ల గీత కనబడుతుంది, కదులుతుంది. మరమ్మతుకీ కొత్త కట్టడానికీ మధ్య తేడా ముందే రాసి ఉంటుంది.

మాకూ చేపల కాలం ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక బోట్ల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులకి చేతిలో పని ఉండదు. ఫిబ్రవరి నుంచి సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ర్యాంపులు, చప్టాలు, జెట్టీ దుంగలు బాగు చేయడానికి అంతకంటే మంచి రోజులు ఏడాదిలో ఇంకెప్పుడూ దొరకవు, కూలి డబ్బులు కూడా వేట లేని ఇళ్లకే వెళ్తాయి. అనుమతులు మాత్రం అక్టోబరులో వస్తాయి, సరిగ్గా వాయుగుండాలతో పాటు. తుఫాను హెచ్చరిక జెండా కింద నిలబడి సెంట్రింగ్ కొట్టిన కాంట్రాక్టరు ఎవరైనా ఉంటే నా బాధ అర్థమవుతుంది. కాబట్టి ఒడ్డు మరమ్మతుల దరఖాస్తులన్నిటికీ జనవరి ఆఖరులోగా అవుననో కాదనో చెప్పే ఏర్పాటు చేయించండి. 'కాదు' అన్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకు కాదో తెలుగులో రాస్తే చాలు. పునాది ఎత్తు పెంచడం, ర్యాంపు పలకలు మార్చడం, చప్టా చువ్వకి తుప్పు తీసి కవర్ వేయడం, వీటిలో ఏది మరమ్మతో ఒక కాగితం మీద రాసి ప్రతి తీర గ్రామ సచివాలయంలో గోడకి అంటించమనండి.

అలాగే మీరూ ఓసారి ఒడ్డుకి రండి. అర కిలోమీటరుకో రాయి పాతి, మీద ఏ ఏటి గీతో చెక్కిస్తే చాలు. మా ఇసుకలో రాయి ఎన్నాళ్లు నిలుస్తుందన్న భయం వద్దు. రాయి కొట్టుకుపోతే అది కూడా లెక్కలోకి వస్తుంది, ఏ నెలలో పోయిందో మా పిల్లలు రాసి పెడతారు. మళ్లీ ఎక్కడ పాతాలో వాళ్లే చూపిస్తారు.

ఈ లేఖతో పాటు ఒక దరఖాస్తు జత చేస్తున్నాను. మా పేట ర్యాంపులో కింది వైపు పలకలు విరిగిపోయాయి, చువ్వలు బయటపడి పడవ అడుగు చీరుకుంటోంది. పాత కొలతలే, పొడవూ వెడల్పూ పెంచడం లేదు, సముద్రంలోకి ఒక్క అడుగు జరగడం లేదు. ఎం40 కాంక్రీటు, 75 మిల్లీమీటర్ల కవర్, నది ఇసుక. ఫొటోలు పోటులో ఒకటి, పాటులో ఒకటి తీసి పెట్టాను. ఇది మీకు అటో ఇటో నాకు తెలియదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలాను. వేట నిషేధం మొదలయ్యేలోగా మీరే నింపి పంపించగలరు.

ఇట్లు,
మీ పరిధిలోనే ఉన్నాడని అందరూ చెప్పే
ఒక కట్టుబడి పనివాడు